బంతి చేతిలో లేనప్పటి చూపు



మాస్టారు మాకు వాలీబాల్ నేర్పారు. పోటీలకు జట్టును ఎంపిక చేసే రోజున ఆయన చేసే పని ఒకటి నాకు చాలా ఏళ్ళ దాకా అర్థం కాలేదు. అందరి కళ్ళూ బంతి వెంట తిరుగుతుంటే ఆయన బంతికి దూరంగా ఉన్న కుర్రాడి మొహం చూసేవారు. ఆట ఆపించి, "బంతి నీ దగ్గర లేనప్పుడు నువ్వెక్కడ చూస్తున్నావురా?" అని అడిగేవారు. నేను పొడగరిని. నెట్ మీదికి నా రెండు చేతులూ సులువుగా లేచేవి. అయినా ఒక ఏడు నన్ను పక్కన కూర్చోబెట్టి, నాకంటే జానెడు పొట్టివాణ్ణి జట్టులోకి తీసుకున్నారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆ కుర్రాడి ఆటను అవతలి గట్టున కూర్చుని నెలరోజులు చూశాక గానీ మాస్టారు ఏం చూశారో నాకు కనిపించలేదు. బంతి ఇంకా అవతలివైపు ఉండగానే వాడి కాళ్ళు కదిలేవి.

తర్వాత ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళి అక్కడే స్థిరపడ్డాను. అక్కడి ఫుట్‌బాల్‌ను మొదట ఇరుగుపొరుగుతో మాట కలపడానికి చూశాను, తర్వాత ప్రేమతో చూశాను. ఏటా ఏప్రిల్ నెలాఖరులో ఆ దేశంలో డ్రాఫ్ట్ అనే ఎంపిక జరుగుతుంది. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళను వృత్తి జట్లు ఒకరి తర్వాత ఒకరు ఎంచుకుంటాయి. టీవీ ముందు కూర్చున్న ప్రతిసారీ మాస్టారి ప్రశ్నే నా చెవిలో వినిపిస్తుంది. ఆయన పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి నేను ఆ సంగతి ఎంచుకోవడానికి కారణం అదే.

ఆ ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది, వంద గజాల మైదానం, కోలగా ఉండే బంతి. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు ఇస్తారు. దాదాపు ప్రతిసారీ బంతి మొదట చేరేది ఒకే మనిషి చేతికి. అతనే క్వార్టర్‌బ్యాక్. కోచ్ చెప్పే ఎత్తు అతని హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌లో వినపడుతుంది. ఆ ఎత్తును అతను పదిమందికీ చెప్పాలి. బంతిని కదిలించడానికి ఇచ్చిన గడువులో ఇంకా 15 సెకన్లు ఉండగా ఆ స్పీకర్ మూగబోతుంది. అక్కడి నుంచి అతను ఒంటరి. ఎదుటివాళ్ళు నిలబడ్డ తీరు చూసి ఎత్తు మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. బంతి చేతికి వచ్చాక అతనికి ఉండేది రెండున్నర, మూడు సెకన్లు. నూట ముప్పై కిలోల మనుషులు తన మీదికి వస్తుంటే వాళ్ళను చూడకుండా, ఇరవై గజాల అవతల పరిగెత్తుతున్న నలుగురైదుగురిని వరసగా చూడాలి. బంతిని మనిషి ఉన్న చోటికి విసిరితే ఆలస్యం అయిపోయినట్టే. మనిషి రాబోయే చోటికి, ఇంకా ఖాళీగానే ఉన్న గడ్డి మీదికి విసరాలి.

ఇందులో బుద్ధి ఎక్కడ ముగిసింది, ఒళ్ళు ఎక్కడ మొదలైంది? నాకు ఆ గీత కనపడదు. డ్రాఫ్ట్ గదిలో కూర్చున్నవాళ్ళు మాత్రం ఆ గీత గీయక తప్పదు. కాగితం మీద రెండు గళ్ళు ఉంటాయి గనుక. ఫిబ్రవరి, మార్చి నెలల మధ్య ఇండియానాపోలిస్‌లో కుర్రాళ్ళందరినీ ఒక చోట చేర్చి కొలుస్తారు. పొడుగు, బరువు, నలభై గజాల పరుగుకు పట్టిన సమయం, నిలబడ్డ చోటి నుంచి ఎంత ఎత్తు ఎగరగలడు, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా అరచేయి ఎన్ని అంగుళాలు. 2020లో క్వార్టర్‌బ్యాక్ జో బర్రో అరచేయి 9 అంగుళాలే ఉందని రోజుల తరబడి చర్చ నడిచింది. అంతకు కొన్ని వారాల ముందే ముగిసిన కాలేజీ సీజనులో ఆ చేత్తోనే అతను 60 టచ్‌డౌన్ పాసులు, అంటే అవతలి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాసులు, విసిరాడు. అంగుళాలు కొలవడం తేలిక కాబట్టి వాటికి అంత విలువ వచ్చిందని నాకు అనిపిస్తుంది.

నా మాటకు ఆధారంగా 1998 నాటి సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఆ ఏడు మొదటి ఎంపిక ఇండియానాపోలిస్ కోల్ట్స్‌ది. బరిలో ఇద్దరు. టెనెసీ విశ్వవిద్యాలయం నుంచి పేటన్ మానింగ్, వాషింగ్టన్ స్టేట్ నుంచి రయాన్ లీఫ్. మానింగ్ తండ్రి కూడా క్వార్టర్‌బ్యాకే. ఆ ఇంట్లో పిల్లలు ఆట వీడియోలు చూస్తూ పెరిగారు. లీఫ్‌ది భారీ విగ్రహం, బలమైన చెయ్యి. ఒకరిది బుర్ర, ఒకరిది భుజం అని జనం తేల్చేశారు. ఇద్దరిలో ఎవరు మిగిలినా చాలనుకున్న సాన్‌డియాగో ఛార్జర్స్, మూడో స్థానం నుంచి రెండో స్థానానికి జరగడానికి అరిజోనా జట్టుకు ఆటగాళ్ళనూ రాబోయే ఎంపికలనూ ధారపోసింది. కోల్ట్స్ వ్యవహారాలు చూసే బిల్ పోలియన్ మాత్రం ఇద్దరి ఆటనూ పాసు పాసుగా చూపించి లెక్క రాయించాడు. మానింగ్ చెయ్యి జనం అనుకున్నంత బలహీనం కాదని ఆ లెక్కలో తేలిందని ఆయన తర్వాత చెప్పాడు. చివరికి మానింగ్‌నే తీసుకున్నారు.

తర్వాతి కథ అందరూ తేలిగ్గా చెప్పేస్తారు, బుర్ర గెలిచింది అని. నాకు ఆ చెప్పడం నచ్చదు. మొదటి ఏడాది మానింగ్ విసిరిన బంతుల్లో 28 ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి, వాటినే ఇంటర్‌సెప్షన్లు అంటారు. కొత్త ఆటగాళ్ళలో అదే రికార్డు. అతని జట్టు 16 మ్యాచ్‌లలో 3 గెలిచింది. లీఫ్ ఉన్న జట్టు 5 గెలిచింది. ఆ డిసెంబరులో పట్టికలు మాత్రమే చూసినవాడికి ఇద్దరిలో ఎవరు నిలబడతారో తెలిసేది కాదు. మరుసటి ఏడు కోల్ట్స్ 13 మ్యాచ్‌లు గెలిచింది.

పట్టికలో లేనిది ఏమిటి? లీఫ్ మూడో మ్యాచ్ కాన్సస్ సిటీలో ఆడాడు. 15 సార్లు విసిరితే ఒక్కటే తనవాడి చేతిలో పడింది. అది జరిపింది 4 గజాలు. కొత్తవాడికి అలాంటి రోజు రావడం వింత కాదు, మానింగ్‌కూ చెడ్డ రోజులు వచ్చాయి. కానీ లీఫ్ మరునాడు డ్రెస్సింగ్ రూంలో ఒక విలేకరి మీద అరిచాడు, కెమెరాలు దాన్ని దేశమంతా చూపించాయి, అక్కడి నుంచి ఆ తప్పు అతన్ని వదల్లేదు. మానింగ్ తప్పులు మరో రకంగా ఉన్నాయి. ఒకసారి మోసపోయిన ఎత్తును అతను తర్వాతిసారి గుర్తుపట్టేవాడు, మరో కొత్త ఎత్తుకు మోసపోయేవాడు. అదే ఏడాది అతను 26 టచ్‌డౌన్లు కూడా విసిరాడు. తప్పులున్నాయి, అవి రూపు మారుతున్నాయి. నేర్చుకుంటున్నవాడి గుర్తు అదేనని నా నమ్మకం.

లీఫ్ వృత్తి జీవితం 14 టచ్‌డౌన్లు, 36 ఇంటర్‌సెప్షన్లతో ముగిసింది. భుజానికి గాయాలు, ఆ తర్వాత నొప్పి మాత్రలకు బానిస కావడం, జైలు. ఆ చీకటి నుంచి బయటపడి, ఇప్పుడు వ్యసనంలో చిక్కుకున్నవారి కోసం మాట్లాడుతున్నాడు. డ్రాఫ్ట్‌లో చెడ్డ ఎంపికల జాబితా వేసినప్పుడల్లా అతని పేరు ముందు రాస్తారు. నాకు బాధ కలుగుతుంది. కాన్సస్ సిటీ మ్యాచ్ నాటికి అతనికి ఇరవై రెండేళ్ళు. అంత ధర పెట్టి తెచ్చుకున్న కుర్రాడు ఓడిపోయిన రోజున అతని పక్కన ఎవరు కూర్చోవాలన్నది కూడా ఎంపికలో భాగం కావాలి కదా. కుర్రాడి మనసును తూచేవాళ్ళు, ఆ మనసును తాము ఏ చేతుల్లో పెట్టబోతున్నారో కూడా తూచుకోవాలి.

టామ్ బ్రేడీ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2000లో నలభై గజాలు పరిగెత్తడానికి 5.28 సెకన్లు పట్టిన కుర్రాడు. ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను ఎంచుకున్నాక 199వ పేరుగా పిలిచారు. వృత్తి ఆటలో తుది పోరైన సూపర్‌బౌల్‌ను ఏడుసార్లు గెలిచాడు. ఆ కథ చెప్పి, ఒంటి కొలతలన్నీ వృథా అనేవాళ్ళు ఉన్నారు. అది కూడా తొందరపాటే. బ్రేడీ పరుగు నెమ్మదే గానీ, విసిరే చెయ్యి సరైన సమయానికి సరైన చోటికి వెళ్ళేది. అదీ శరీర విద్యే, గడియారంతో కొలిచేది కాదు, అంతే.

బుద్ధిని కొలవడానికి కూడా వాళ్ళొక కాగితం పెట్టారు. వండర్లిక్ పరీక్ష అంటారు. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు, మాటలూ లెక్కలూ. 1930ల్లో ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచడానికి పుట్టిన పరీక్ష అది. దాన్ని ఆటగాళ్ళ ముందు పెట్టారు. మార్కులు గుట్టుగా ఉంచాలి, కానీ ఏటా బయటికి పొక్కేవి. 1998లో మానింగ్‌కు 28, లీఫ్‌కు 27 వచ్చాయని పత్రికల్లో పడింది. ఆ రెండు జీవితాల మధ్య దూరం ఆ పరీక్షకు ఒక్క మార్కుగా కనిపించింది! డాన్ మరీనోకు పదిహేనో పదహారో వచ్చాయని చెప్పుకునేవారు. 1983లో అతన్ని ఆరో క్వార్టర్‌బ్యాక్‌గా మయామీ తీసుకుంది. రెండో ఏడాదే అతను 5,084 గజాలు, 48 టచ్‌డౌన్లు విసిరాడు. ఆ రోజుల్లో అలాంటి అంకెలు ఎవరూ చూసి ఉండలేదు. కాగితం మీద ప్రశ్న చదివి జవాబు రాయడం వేరు, పదకొండు మంది కదలికను ఒక్క చూపులో చదవడం వేరు. మరీనోకు వచ్చిన చదువు రెండోది. హార్వర్డ్‌లో చదివిన రయాన్ ఫిట్జ్‌పాట్రిక్‌కు ఆ పరీక్షలో దాదాపు పూర్తి మార్కులు వచ్చాయని ప్రతీతి. అతను తొమ్మిది జట్లకు 17 సీజన్లు ఆడాడు. గౌరవించాల్సిన జీవితమే, కానీ నాకౌట్ మ్యాచ్ ఒక్కటీ ఆడే యోగం కలగలేదు. 2022 నుంచి ఇండియానాపోలిస్‌లో ఆ పరీక్ష తీసేశారు. నేను సంతోషించాను.

నా సంతోషానికి ఇంకో కారణం ఉంది, అదే ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి.

అమెరికా ఫుట్‌బాల్‌లో మైదానం నడిమధ్య నిలబడేవాళ్ళవి బుద్ధి పెట్టి ఆడే స్థానాలని పేరు. క్వార్టర్‌బ్యాక్ వాటిలో మొదటిది. దశాబ్దాలపాటు నల్లజాతి కుర్రాళ్ళను ఆ స్థానం నుంచి తప్పించి, పరిగెత్తే చోటికో బంతి పట్టే చోటికో పంపారు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా గెలిచి వచ్చినవాడికి కూడా, నీ కాళ్ళు వేగమైనవి, నువ్వు అక్కడ బాగుంటావు, అని చెప్పేవారు. చూడటానికి అది పొగడ్త. ఒంటిని పొగుడుతూ బుద్ధిని కాదనడం అది. 1968లో డెన్వర్‌కు ఆడిన మార్లిన్ బ్రిస్కో మొదటి ఏడాదే 14 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. మరుసటి ఏడు ఆ స్థానం అతనికి దక్కలేదు. బఫెలో వెళ్ళి బంతి పట్టేవాడిగా ఆడాల్సి వచ్చింది.

వారెన్ మూన్ కథ ఇంకా కోత పెడుతుంది. 1978 జనవరిలో రోజ్‌బౌల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని గెలిపించి, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ వసంతంలో జరిగిన డ్రాఫ్ట్‌లో అన్ని రౌండ్లూ ముగిశాయి, అతని పేరు ఎవరూ పిలవలేదు. స్థానం మార్చుకోవడానికి అతను ఒప్పుకోలేదు. డ్రాఫ్ట్‌కు ముందే కెనడాలోని ఎడ్మంటన్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు. 1978 నుంచి 1982 దాకా ఆ జట్టు వరసగా ఐదుసార్లు ఆ దేశపు గ్రే కప్ గెలిచింది. 1984లో హ్యూస్టన్ అతన్ని పిలిపించుకుంది. 2006లో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని విగ్రహం పెట్టారు. ఎంపిక గదుల్లో వాళ్ళు అప్పుడు తూచింది మూన్ బుద్ధిని కాదు. బుద్ధిమంతుడు ఎలా ఉంటాడని తమ మనసులో ఉన్న బొమ్మను ఎదుట పెట్టుకుని, ఆ బొమ్మతో అతన్ని పోల్చి చూశారు. మన దగ్గర కూడా పిల్లవాడి మొహం చూసి, పేరు విని, వీడికి లెక్కలు రావని తీర్మానించిన తరగతి గదులు నేను చూశాను. మాస్టారు ఆ పని ఏనాడూ చేయలేదు.

ఆ రోజులు పోయాయి కదా అంటారేమో. 2018కి రండి. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ లామర్ జాక్సన్ కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్మన్ బహుమతి 2016లోనే అందుకున్నాడు. డ్రాఫ్ట్‌కు ముందు అతను బంతి పట్టే స్థానానికి మారాలని బహిరంగంగా సలహా ఇచ్చిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? బిల్ పోలియన్. ఇరవై ఏళ్ళ కిందట పాసు పాసుగా లెక్క రాయించి మానింగ్‌ను ఎంచుకున్నాయన. జాక్సన్‌ను మొదటి రౌండ్ చిట్టచివర, 32వ పేరుగా బాల్టిమోర్ పిలిచింది. 2019లో ఓటు వేసిన ప్రతి ఒక్కరూ అతన్నే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎన్నుకున్నారు. తాను పొరబడ్డానని పోలియన్ ఆ సీజనులోనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. కానీ ఆ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చాలాసార్లు ఆలోచించాను. కన్ను అదే, అనుభవం పెరిగిందే గానీ తగ్గలేదు. మానింగ్ బంతి విసరకముందు చేతులూపుతూ, కేకలు వేస్తూ అందరికీ కనపడేలా ఆలోచించేవాడు. జాక్సన్ ఆలోచన అతని పాదాల్లో జరుగుతుంది. ఎదుటివాడి తుంటి ఎటు తిరిగిందో చూసి, పరిగెత్తాలా విసరాలా అన్నది అరసెకనులో తేల్చుకోవడం చదువు కాకపోతే మరేమిటి? చూసేవాళ్ళు దాన్ని వేగం అన్నారు.

కాగితం పోయి ఇప్పుడు కంప్యూటర్ పరీక్షలు వచ్చాయి. తెర మీద కదిలే వస్తువులను ఎంత త్వరగా గుర్తుపడతాడో, ఎన్నిటిని ఒకేసారి వెంబడించగలడో కొలుస్తాయి. వండర్లిక్ కంటే ఆటకు దగ్గరగానే ఉంటాయి. 2023లో క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌కు అలాంటి పరీక్షలో చాలా తక్కువ వచ్చిందని ఒక అంకె పొక్కింది. బ్రైస్ యంగ్‌కు చాలా ఎక్కువ వచ్చిందన్నారు. కరోలినా యంగ్‌ను మొదటగా తీసుకుంది, హ్యూస్టన్ స్ట్రౌడ్‌ను రెండో పేరుగా తీసుకుంది. మొదటి ఏడాది స్ట్రౌడ్ 23 టచ్‌డౌన్లు విసిరి, ఐదే ఐదు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. యంగ్‌ను రెండో ఏడాది రెండు మ్యాచ్‌లకే పక్కన కూర్చోబెట్టారు. కానీ అతను మళ్ళీ వచ్చి, ఆ సీజను చివరికి మొదటికంటే ఎంతో నిబ్బరంగా ఆడాడు. ఆ ఇద్దరి విషయంలో ఎవరూ ఇంకా తీర్పు రాయకూడదని నేనంటాను.

ఇక శరీరం వైపు నుంచి ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. ఎందుకంటే ఇంతసేపూ నేను బుద్ధి పక్షాన వాదిస్తున్నానని మీకు అనిపించి ఉండవచ్చు. 2007లో ఓక్లాండ్ మొట్టమొదటగా ఎంచుకున్న జమార్కస్ రసెల్‌ది ఆరడుగుల ఆరంగుళాల ఆకారం, అబ్బురపరిచే చెయ్యి. 2010 నాటికి జట్టు అతన్ని వదిలేసింది. ఆ పేరు చెప్పి, వట్టి భుజబలాన్ని నమ్మకూడదని పదేళ్ళు పాఠం చెప్పుకున్నారు. అందుకే 2018లో బఫెలో బిల్స్ ఏడో పేరుగా జాష్ ఆలెన్‌ను పిలిచినప్పుడు చాలామంది తల పట్టుకున్నారు. మళ్ళీ అదే ఆకారం, అదే చెయ్యి. వయోమింగ్ విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది విసిరిన బంతుల్లో వందకు 56 మాత్రమే తనవాళ్ళకు చేరాయి. కాలేజీలో గురి కుదరనివాడికి వృత్తి ఆటలో గురి కుదరదన్నది అందరూ నమ్మే సూత్రం. మొదటి ఏడాది ఆలెన్ సగటు వందకు 52.8. సూత్రమే నిజమైంది అనుకున్నాం. నేనూ అనుకున్నాను, మిత్రులతో వాదించాను కూడా.

రెండో ఏడాది 58.8. మూడో ఏడాది 69.2.

ఆ పెరుగుదలలో బుర్ర ఎంత, ఒళ్ళు ఎంత అని విడదీయడానికి నేను చాలా ప్రయత్నించాను. సెలవుల్లో అతను విసిరే పద్ధతినే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. చేతితో మొదలుపెట్టే విసురును తుంటితో మొదలుపెట్టడం నేర్చుకున్నాడు. ఇది ఒంటి పని. అలవాటైన విసురు తప్పని ఒప్పుకుని, లక్షల డాలర్ల జీతం వస్తున్న రోజుల్లో ఓనమాలు దిద్దడం ఏ పని? బఫెలో కూడా తన వంతు చేసింది. కోచ్‌లను మాటిమాటికీ మార్చలేదు, ఎత్తులు చెప్పే బ్రయాన్ డేబోల్‌ను అతని పక్కనే ఉంచింది, 2020లో స్టెఫాన్ డిగ్స్ లాంటి బంతి పట్టేవాణ్ణి తెచ్చి ఇచ్చింది. లీఫ్‌కు అలాంటి చెయ్యి అందితే ఏమయ్యేదో నేను చెప్పలేను. అడగకుండా మాత్రం ఉండలేను. 2024 సీజనుకు అత్యంత విలువైన ఆటగాడు ఆలెన్.

బఫెలో స్కౌట్లు అతనిలో చూసిందేమిటో తెలుసుకోవాలంటే డ్రాఫ్ట్ కంటే వెనక్కి వెళ్ళాలి. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న వ్యవసాయ పట్టణం. పత్తీ కర్బూజా పండించే కుటుంబం. బడి ముగిసే నాటికి కుర్రాడు ఇంకా సన్నగానే ఉన్నాడు. పెద్ద కాలేజీ ఒక్కటి కూడా చోటు ఇవ్వలేదు. దగ్గర్లోని రీడ్లీ కమ్యూనిటీ కాలేజీలో ఒక ఏడాది ఆడాడు. అక్కడే పొడుగయ్యాడు, బరువు పెరిగాడు, చెయ్యి బలపడింది. అప్పుడు కూర్చుని దేశంలోని పెద్ద కాలేజీల కోచ్‌లకు, ఒక్కరిని కూడా వదలకుండా, నన్ను చూడండి అని మెయిళ్ళు పంపాడు. చోటిస్తామని వచ్చిన జవాబులు రెండు. ఒకటి వయోమింగ్ నుంచి.

ఆ మెయిల్ తెరిచి, పొడుగూ బరువూ చదివి, మూసేసిన వాళ్ళు వంద మందికి పైనే ఉండాలి. వయోమింగ్ వాళ్ళు మాత్రం మనిషిని చూద్దామనుకున్నారు.